కొండను కిందికి దించిన కమిటీ

కొండల ఎత్తు గురించి కార్యాలయాలకు తెలిసినంత బాగా కొండలకు తెలియదు. ఈ సంగతి మొదటే ఒప్పుకుని ముందుకు సాగడం అందరికీ మంచిది. కొండ తన మానాన తాను ఉన్నచోట ఉంటుంది. అది ఎంత ఎత్తున ఉన్నట్టు లెక్క అన్నది తేల్చడానికి ఒక విభాగం, ఆ విభాగాన్ని పర్యవేక్షించడానికి ఇంకొక విభాగం, ఆ రెండూ కలిసి టీ తాగడానికి ఒక గది ఉంటాయి. ఈ ఏర్పాటు లేకపోతే విమానాలు ఎక్కడ ఎగరాలో ఎవరికీ తెలియదు. ఉన్నా ఒక్కొక్కసారి తెలియదు. ఆ ఒక్కొక్కసారుల్లో ఒకదాని గురించే ఈ కథ.

విమానాశ్రయం వెనుక, సామాన్ల షెడ్డును ఆనుకుని, కిటికీలు లేని పొడుగాటి గది ఒకటుంది. ఆకాశం బాధ్యత చూసేవాళ్ళు అందులో కూర్చుంటారు. (ఆకాశం కనిపిస్తే పని మీద ధ్యాస నిలవదని కిటికీలు పెట్టలేదు.) ఒక్కొక్కరి ముందు ఒక తెర. తెర మీద విమానాలు చుక్కల్లా కదులుతుంటాయి. ప్రతి చుక్క పక్కనా దాని పేరూ, ఎత్తూ. తెర మీది ఆకాశాన్ని గీతలతో ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో ఒక్కో అంకె వేసి ఉంటుంది. ఆ అంకె పేరు కనీస సురక్షిత ఎత్తు. ఆ ముక్కలో ఉన్న విమానాన్ని అంతకంటే కిందికి దిగమని చెప్పకూడదు. చెబితే ఏమవుతుందో నియమావళిలో రాయలేదు. ఆ భాగం కొండ చూసుకుంటుంది.

ఆ గదిలో ఏళ్ళ తరబడి పనిచేస్తున్న ఒకావిడను అందరూ నిదానంగారు అనేవారు. ఎన్ని విమానాలు ఒకేసారి మీద పడినా, టీలో చక్కెర ఎంత వేయమంటారని అడిగినట్టే మాట్లాడేది. కొత్తగా వచ్చినవాళ్ళకు ఆవిడ గొంతు వింటే ధైర్యం. పైలట్లకు ఇంకా ధైర్యం.

ఆ ఏడాదిని పై కార్యాలయం భద్రతా సంవత్సరంగా ప్రకటించింది. అందుకు గుర్తుగా ప్రతి తెర మీదా ఎడమవైపు కింది మూలలో ఒక ఆకుపచ్చ పట్టీ వచ్చి కూర్చుంది. దాని మీద ‘భద్రతే మన ఊపిరి’ అని ఉంటుంది. దాన్ని మూయడానికి వీల్లేదు. జరపడానికి వీల్లేదు. ఊరి బయటి కొండ ఉన్న ముక్క సరిగ్గా ఆ మూలలోనే ఉంది. నాలుగున్నర వేల అడుగులు అన్న దాని అంకె ‘ఊపిరి’ అన్న మాట కిందికి వెళ్ళిపోయింది.

గదిలోవాళ్ళు అధిపతి దగ్గరికి వెళ్ళి మొరపెట్టుకున్నారు. ఆ అధిపతి మంచి మనిషి. తన హయాంలో ఏమీ జరగకపోవడమే ఆయన సాధించిన ఘనత.

“అంకె కనపడటం లేదంటారు, అంతేగా?” అన్నాడాయన. “అంకె మీకెలాగూ కంఠతా వచ్చి ఉండాలి. పట్టీ మీద ఉన్న మాటే ఎవరికీ కంఠతా రాదు. అందుకే అది రాసి పెట్టారు.”

ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేక అందరూ వెనక్కి వచ్చేశారు.

విమానం ప్రమాదకరంగా కిందికి దిగితే గదిలో గంట మోగే ఏర్పాటు కూడా ఉంది. అయితే అది మరీ మొరటుగా మోగుతోందని, పెద్దలు తనిఖీకి వచ్చినప్పుడు ఉలిక్కిపడుతున్నారని, కొన్నాళ్ళ కిందట దాన్ని మర్యాదగా మోగేలా మార్చారు.

ఒక మధ్యాహ్నం ఆకాశమంతా మబ్బు పట్టింది. నిదానంగారి తెర మీద ఒక ప్రయాణికుల విమానం దిగడానికి వస్తోంది. (రేడియోలో మాటలు వేరే పద్ధతిలో ఉంటాయి, మనుషులకు అర్థం కావాలని మామూలుగా రాస్తున్నాను.)

“ముందు పెద్ద మబ్బుంది. కాస్త ఎడమకి తిరగమంటారా?” అని అడిగాడు కెప్టెన్.

“తిరగండి. మూడున్నర వేలకి దిగండి.”

“ఎడమకి. మూడున్నర వేలకి.”

రోజూ వచ్చే దారిలో మూడున్నర వేలు సరైన ఎత్తే. అలవాటైన మాట కాబట్టి నాలుక దానంతట అదే అనేసింది. కానీ ఎడమకి తిరిగిన విమానం రోజూ వచ్చే దారిలో లేదు, కొండ ఉన్న ముక్కలోకి వెళ్ళింది. నిదానంగారు అలవాటు చొప్పున ఆ మూల వైపు ఒకసారి చూసింది. భద్రతే మన ఊపిరి అని ఉంది. చూపు తిప్పుకుని ఇంకో విమానంతో మాట్లాడింది.

గంట మోగింది. పక్క కుర్చీ ఆయన అది తన ఫోనేమో అనుకుని జేబు తడుముకున్నాడు.

విమానంలో ఉండే యంత్రానికి మాత్రం ఎవరూ మర్యాద నేర్పలేదు. ‘నేల! పైకి లాగు! పైకి లాగు!’ అని అది అరిచింది. కెప్టెన్ లాగాడు. నిదానంగారు తెర వైపు తిరిగేసరికి చుక్క పక్కన అంకె మూడు వేల ఏడువందల దగ్గర ఒక్క క్షణం ఆగి, పైకి ఎక్కడం మొదలుపెట్టింది.

“పైకి వెళ్తున్నాం,” అన్నాడు కెప్టెన్. ఆ గొంతు ఇంతకుముందు మాట్లాడిన మనిషిది కాదేమో అన్నట్టుంది.

“వెళ్ళండి. ఐదు వేలకి వెళ్ళండి.” ఆవిడ మైకు వదల్లేదు. “నా తప్పు.”

అవతలి నుంచి కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత “అర్థమైంది” అన్న మాట వచ్చింది.

విమానం చుట్టూ తిరిగి వచ్చి క్షేమంగా దిగింది. ప్రయాణికులు పెట్టెలు ఆలస్యంగా వచ్చాయని తిట్టుకుంటూ ఇళ్ళకు వెళ్ళారు. గదిలో ఎవరూ ఏమీ అనలేదు. పక్క కుర్చీ ఆయన మాత్రం టీ తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. అది చల్లారిపోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఆవిడ కంచం ముందు కూర్చుని తినకుండానే చెయ్యి కడిగేసుకుంది. భర్త పళ్ళ డాక్టరు. నోరు తెరవని మనుషులతో వ్యవహారం ఆయనకు కొత్త కాదు.

“ఏమైంది నీకు?”

“ఇవాళ ఒక విమానాన్ని కొండ మీదికి దించానండీ.”

ఆయన చేతిలోని ముద్ద చేతిలోనే ఉండిపోయింది. “దిగిందా?”

“లేదు. పైలట్ లాగేశాడు.”

“మరి మీవాళ్ళు ఏమన్నారు?”

“ఎవరూ ఏమీ అనలేదు. అదే భయంగా ఉంది.”

“మా దగ్గర ఈ బాధ లేదు. ఒక పన్నుకి బదులు ఇంకోటి పీకితే పేషెంటే చెప్తాడు, కుర్చీలోంచి లేవకముందే.”

“నా విమానంలో వాళ్ళకి ఏం జరిగిందో కూడా తెలీదు. పెట్టెల కోసం తిట్టుకుంటూ పోయారు.” ఆవిడ కంచం పక్కకి జరిపింది. “నాది తప్పే. ఆ అంకె నా బుర్రలో ఉండాల్సింది. కానీ రేపు ఇంకెవరి నోట్లోంచైనా ఇదే మాట వస్తుంది. ఆ పట్టీ అక్కడే ఉంటుందిగా.”

“అయితే చెప్పెయ్యి. తప్పు చెప్పినవాళ్ళకి శిక్ష ఉండదని మీ ఆఫీసులో పోస్టర్ ఉందన్నావుగా?”

“ఆ పోస్టర్‌లో నవ్వుతున్నాయన మా ఆఫీసు మనిషి కాదండీ.”

అయినా మర్నాడు వెళ్ళి చెప్పింది. ఆ పోస్టర్ అంటించినప్పటి నుంచి తప్పు చెప్పడానికి వచ్చిన మొదటి మనిషి ఆవిడే. నమోదు గుమస్తా కుర్చీ తుడిచి మరీ కూర్చోబెట్టి, ఆవిడ చెప్పిందంతా ఓపిగ్గా కంప్యూటర్‌లో ఎక్కించాడు. చివరి గడి దగ్గర బండి ఆగిపోయింది.

“మృతుల సంఖ్య దగ్గర సున్నా తీసుకోవడం లేదు మేడం.”

“ఎవరూ చనిపోలేదండీ.”

“అదే వచ్చిన చిక్కు. ఎవరూ పోకపోతే దీని దృష్టిలో అది ఘటన కాదు.” ఆయన మంచి మనసున్నవాడు కావడం వల్ల కాసేపు ఆలోచించి అన్నాడు, “పోనీ, ఒకటి వేయమంటారా? తర్వాత సరిచేద్దాం.”

“ఎలా సరిచేస్తారు?”

సరిచేసే మీట కోసం ఆయన తెరంతా వెతికాడు, దొరకలేదు. నిదానంగారు ఒక తెల్లకాగితం అడిగి తీసుకుని, జరిగింది జరిగినట్టు రాసి, అధిపతి బల్ల మీద పెట్టింది.

అధిపతి అది చదివి, కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చదివాడు. ఈసారి కూడా అదే ఉంది.

“ఎందుకమ్మా ఇది? ఎవరైనా అడిగారా నిన్ను?”

“అడగలేదు సార్.”

“పైలట్ ఫిర్యాదు చేశాడా?”

“లేదు సార్.”

“మరి కొండేమైనా అందా?” ఆయన నవ్వాడు. ఆవిడ నవ్వకపోయేసరికి ఆపేశాడు. “చూడమ్మా, నువ్వు మంచిదానివి. మంచివాళ్ళతో వచ్చే గొడవే ఇది. చెడ్డవాళ్ళు ఇలా ఏదీ రాసి ఇవ్వరు.”

“ఆ పట్టీ తీయించండి సార్. నా మీద ఏ చర్య తీసుకున్నా సరే.”

“పట్టీ తీయడం నా చేతుల్లో లేదు. చర్య తీసుకోవడమూ నా చేతుల్లో లేదు. కమిటీ వేయడం ఒక్కటే నా చేతుల్లో ఉంది.”

కమిటీ పడింది. దానికి అధ్యక్షుడు రేవుల శాఖలో పెద్ద హోదాలో రిటైరైన నిపుణుడు. జీవితమంతా లోతులు కొలిచిన మనిషి కాబట్టి ఎత్తుల విషయంలో ఏ పక్షపాతమూ ఉండదని ఆయన్ను ఎంచుకున్నారు.

విచారణ రోజు బయట వరండాలో బెంచీ మీద కెప్టెన్ కూర్చుని ఉన్నాడు. నెరిసిన మీసం, ఒళ్ళో టోపీ. నిదానంగారు వెళ్ళి బెంచీ రెండో చివర కూర్చుని, ఇంకెంతసేపటికి పిలుస్తారని తలుపు దగ్గరున్న గుమస్తాను అడిగింది. కెప్టెన్ తల తిప్పాడు.

“మీరేగా నిదానంగారు? గొంతు గుర్తుపట్టాను.”

“మీరెందుకు రాయలేదు సార్, మీ వైపు నుంచి?”

“మా కంపెనీలో రాస్తే ముందు మమ్మల్ని ఎగరకుండా ఆపేసి, ఆ తర్వాత చదువుతారు. మా అబ్బాయి చదువు ఇంకా పూర్తి కాలేదు. ఇప్పుడు మీరు రాశారు కాబట్టి నువ్వెందుకు రాయలేదని నా వెంట పడ్డారు.” ఆయన టోపీని ఒళ్ళోనే తిప్పుతూ అన్నాడు, “ఆ కాగితం వెనక్కి తీసుకుంటే ఇద్దరం బయటపడతాం.”

“తీసుకుంటే అక్కడ అంకె కనపడుతుందా సార్?”

ఆయన టోపీని పక్కన పెట్టాడు. తర్వాత అన్నాడు, “ఆ రోజు మైకులో ‘నా తప్పు’ అన్నారు మీరు. ఇన్నేళ్ళ సర్వీసులో ఆ మాట నాకెప్పుడూ వినపడలేదు. హెడ్‌ఫోన్ పాడైందేమో అనుకున్నాను.”

లోపల అధ్యక్షుడు ఆవిడను ముందు అడిగాడు.

“విమానం కొండను తాకిందా?”

“లేదండీ.”

“అంటే ఎత్తు సరిపోయినట్టేగా?”

“పైలట్ పైకి లాగాడు కాబట్టి తాకలేదండీ.”

“అది పైలట్ల శాఖ. మనం ఎత్తు సంగతి మాట్లాడుకుందాం.”

అప్పుడు కెప్టెన్‌ను పిలిచారు. ఆయన మబ్బుల గురించీ, గాలి గురించీ రెండు ముక్కలు చెప్పి బయటపడదామనే లోపలికి వచ్చాడు. మొదలుపెట్టాక ఆగలేకపోయాడు.

“మబ్బు ఒక్క క్షణం విడిపోయింది సార్. కింద ఒక ఇల్లు. ఇంటి మీద నీళ్ళ ట్యాంకు. ఒకావిడ దండెం మీద దుప్పటి ఆరేస్తోంది. తలెత్తి నా వైపు చూసింది. ఆవిడ పళ్ళ మధ్య బట్టల క్లిప్పు ఉంది. విమానంలో కూర్చున్న నాకు అది కనిపించింది సార్. క్లిప్పు.”

అధిపతి నేల చూపులు చూస్తున్నాడు. ఒక సభ్యుడు నీళ్ళు తాగాడు. అధ్యక్షుడు కలం మూత తీసి, ముందుకు వంగి అడిగాడు.

“ట్యాంకు అన్నారు. ఎంత ఎత్తు ఉంటుంది?”

కొన్నాళ్ళకు కమిటీ నిర్ణయాలు వెలువడ్డాయి. ఒక విమానం మూడు వేల ఏడువందల అడుగుల దగ్గర కొండ మీదుగా వెళ్ళి కూడా కొండను తాకలేదని అనుభవపూర్వకంగా రుజువైంది కాబట్టి, ఇకమీదట ఆ ముక్కకు కనీస సురక్షిత ఎత్తు అదే. ఆదేశం మూడున్నర వేలకి ఇచ్చినా విమానం అంతదాకా దిగలేదు కనుక ఆదేశం అమలు కాలేదు. అమలు కాని ఆదేశంలో తప్పు ఉండదు. అందువల్ల ఆ రోజు ఏమీ జరగలేదు. ఏమీ జరగని రోజున ప్రయాణికులకు కుదుపు కలిగించినందుకు కెప్టెన్‌ను సున్నితంగా మందలించారు. కొండ మీది ఇంటివాళ్ళు ట్యాంకు పెట్టి, దండెం కట్టి, అనుమతి లేకుండా కొండ ఎత్తు పెంచారు. వాటిని వెంటనే తొలగించాలి. ఇక పట్టీ సంగతి కమిటీ పరిధిలోకి రాదు. అది భద్రతకు సంబంధించిన విషయం.

నిదానంగారు నిర్ణయాలు చదివి ఆ రాత్రి నిద్రపోలేదు. తన మీద చర్య లేదని తెలిసిన మనిషి కాస్త ఊపిరి పీల్చుకోవాలి. ఆవిడకు ఆ దండెం తప్ప ఇంకేమీ కళ్ళ ముందుకు రాలేదు. సెలవు రోజు చూసుకుని, బస్సెక్కి, రోడ్డు ఆగిపోయిన చోట దిగి, కొండ ఎక్కింది. మెడ ఎత్తకుండానే రోజూ చూసే ఆ ముక్క ఇంత నిటారుగా ఉంటుందని ఆవిడకు తెలియదు.

ఇంటి అరుగు మీద ఒక దర్జీ ఆవిడ కుట్టుమిషను తొక్కుతోంది.

“విమానాల ఆఫీసు నుంచి వచ్చానండీ,” అంది నిదానంగారు, ఆయాసపడుతూ.

“కొలవడానికా? కొలుచుకోండి. మొన్న ఒకాయన వచ్చి దండెం కూడా కొలుచుకుపోయాడు. అది వంగి ఉందని రెండుసార్లు కొలిచాడు.”

“కొలవడానికి కాదు. ఆ రోజు మీ ఇంటి మీదికి వచ్చిన విమానం… దాన్ని దించింది నేనే.”

మిషను ఆగింది.

“మీరా?”

“నేనే. పొరపాటున. మిమ్మల్ని చూసి క్షమించమని అడుగుదామని వచ్చాను.”

దర్జీ ఆవిడ సూది కింది గుడ్డ తీసి పక్కన పెట్టింది. “దుప్పటి ఎగిరి లోయలో పడింది. నేను నేల మీద పడుకుండిపోయాను. లేచాక నోట్లో క్లిప్పు కనపడలేదు. మింగేశానేమో అనుకున్నాను. విమానం మీదికొచ్చి పోతే నాకు క్లిప్పు గురించి బెంగ, చూడండి.” ఆవిడ నవ్వబోయి మానేసింది. “మా పాపకి ఇప్పటికీ చప్పుడైతే మంచం కిందికి దూరడమే.”

నిదానంగారు తలుపులోంచి మంచం వైపు చూసింది.

“ఒక మాట అడగనా?” అంది దర్జీ ఆవిడ. “విమానాన్ని దించింది మీరైతే, ట్యాంకు దించమని నాకు రాశారేం?”

దానికి నిదానంగారి దగ్గర జవాబు లేదు. ఎన్నో ఏళ్ళుగా ఎవరు ఏమడిగినా వెంటనే జవాబు చెప్పడమే ఆవిడ ఉద్యోగం.

“కూర్చోండి. చెమటలు పడుతున్నాయి మీకు. టీ పెడతాను,” అంటూ దర్జీ ఆవిడ లేచింది. “మీ ఆఫీసులోంచి కొలబద్ద లేకుండా వచ్చింది మీరొక్కరే.”

టీ తాగుతుంటే ఒక విమానం వెళ్ళింది. ఇద్దరూ తలెత్తి చూశారు. లోపల మంచం కింద ఏదో కదిలిన చప్పుడైంది.

“ఇది సరైన ఎత్తేనా?” అని అడిగింది దర్జీ ఆవిడ.

“సరైనదే.”

“మీకు చూడగానే తెలిసిపోతుందేమో.”

“తెలీదండీ. మాకు తెర మీద అంకె కనపడాలి.”

“మరి కనపడేట్టు పెట్టుకోవచ్చుగా?” అంది ఆవిడ, కుండలో నీళ్ళు లేకపోతే పోసుకోవచ్చుగా అన్నంత మామూలుగా.

మర్నాడు నిదానంగారు ఒక చిన్న కాగితం మీద లావుపాటి అక్షరాలతో 4500 అని రాసి, తన తెర అంచున, పట్టీకి కాస్త కింద, జిగురు పెట్టి అంటించింది. పక్క కుర్చీ ఆయన చూశాడు. తనకీ ఒకటి కావాలని చెయ్యి చాపాడు. ఆవిడ ఇంకో కాగితం రాసిచ్చింది. వారం తిరిగేసరికి గదిలో అన్ని తెరల మీదా ఆ అంకె ఉంది. కమిటీ ఇచ్చిన కొత్త ఎత్తును ఎవరూ వాడలేదు. వాడబోమని ఎవరూ అనలేదు కూడా.

ఈలోగా కొండ మీదికి మనుషులు వెళ్ళి ట్యాంకు దించేశారు. దండెం తెంపేశారు. దర్జీ ఆవిడ కింది నుంచి బిందెలతో నీళ్ళు మోసుకుంటోంది. దుప్పట్లు కిటికీ ఊచలకు ఆరేస్తోంది. కొండ ఎత్తు విజయవంతంగా తగ్గిందని అధ్యక్షుడికి సన్మానం జరిగింది.

ఆ తర్వాత మళ్ళీ మబ్బు పట్టిన ఒక రోజు, పక్క కుర్చీ ఆయన దగ్గరికి నిండుగా జనం ఉన్న విమానం ఒకటి వచ్చింది. ఎడమకి తిరుగుతామని అడిగారు.

“తిరగండి. మూడున్నర…” అంటూ ఆయన తెర అంచు వైపు చూశాడు. “కాదు. నాలుగున్నర వేల దగ్గరే ఉండండి. దిగొద్దు.”

“దిగడం లేదు,” అని జవాబు వచ్చింది.

ఆయన వెనక్కి వాలి నిదానంగారి వైపు చూశాడు. ఆవిడ తల ఊపి తన విమానంతో మాట్లాడుతూనే ఉంది. కొండ మీద ఎవరూ తలెత్తి చూడాల్సిన అవసరం రాలేదు.

సంవత్సరాంతపు తనిఖీలో పై కార్యాలయం వాళ్ళు ఆ కాగితాలను చూశారు. అధిపతి నిదానంగారిని పిలిపించాడు. ఆయన ముఖంలో నిజంగానే బాధ ఉంది.

“నీ మీద చర్య తీసుకోవడం నాకు ఇష్టం లేదమ్మా. కానీ ఈసారి దొరికిపోయావు.”

“ఆ అంకె తప్పా సార్?”

“అంకె తప్పని ఎవరన్నారు? అంటించడం తప్పు.”

ఆవిడను తెర ముందు నుంచి తప్పించి సామాన్ల ఫిర్యాదుల విభాగంలో వేశారు. ఆ ఏడాది నివేదికలో ఆ గదికి సంబంధించి నమోదైన తప్పు అదొక్కటే. అన్ని విమానాలు నడిపే గదిలో ఒక్క తప్పే జరగడం, అది కూడా వెంటనే సరిదిద్దడం మామూలు విషయం కాదు: అదే సాయంత్రం కాగితాలన్నీ గీకేసి, తడిగుడ్డతో తెరలు శుభ్రంగా తుడిచారు.